జీడి మరక

ఈ భుజాన డిజిటల్, ఆ భుజాన రీలు కెమెరా.
కావిడి మోస్తున్నట్టే ఉంటుంది నా నడక.
ఒకటి ఎంత పెట్టినా ఇంకా అంటుంది,
రెండోది ముప్పై ఆరు ముద్దలకే చెయ్యి కడిగేసుకుంటుంది.

కాశీబుగ్గలో రిజిస్ట్రారాఫీసు వరండా.
నెల్లాళ్ళు ఎండకి వెలిసిన నోటీసు మీద
రెండు పేర్లు, పక్కపక్కనే:
దమయంతి, పిక్కల ఫ్యాక్టరీ.
దిల్లేశ్వరరావు, పడవ.
అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమని రాసుంది.
ఉన్నవాళ్ళకి చదువు రాదు,
చదువొచ్చినవాళ్ళకి తీరిక లేదు,
అలా గట్టెక్కింది పెళ్ళి.

మొత్తం ఏడుగురం.
సాక్షులు ముగ్గురిలో ఒకడు బయట జిరాక్సు తీసేవాడు,
మిషను ఆపకుండానే వచ్చి సంతకం పెట్టాడు.
దండలు పలాస స్టేషన్ దగ్గర కొన్నవి,
ఆటో దిగేసరికి పూలు సగం రాలి
దారం బయటపడింది.

ముందు డిజిటల్.
"తేదీ, టైమూ పడాలక్కా.
ఎస్సైగారికి సూపించాల,
నన్నెవులూ ఎత్తుకుపోనేదని."

నూట నలభై తీశాను.
ఒక్కటీ ఫొటో కాదు, అన్నీ వాంగ్మూలాలే.
ఇది నా మొహం, ఇది నా సంతకం,
ఇది నా ఇష్టం, పన్నెండూ ఇరవైకి.

వెనక తెర మీద చూసుకుంటూ
మొహం దగ్గర ఆగలేదు తను,
వేళ్ళు జరిపి వేళ్ళనే పెద్దవి చేసుకుంది.
ఆరేళ్ళుగా పిక్కల నూనె తాగిన వేళ్ళు,
గోళ్ళ చుట్టూ మసి,
గోరింటాకు ఎక్కడ పండాలో తెలీక తప్పుకున్న అరచేతులు.
"ఇవి తెల్లగా సెయ్యగలవా?"
చెయ్యగలను. చేశాను.
"బాగున్నాయి" అంది,
పక్కింటి పిల్ల గాజుల్ని మెచ్చుకున్నట్టు.

సాయంత్రం అక్కుపల్లి ఇసుక.
తుపానుకి పడుకుని, పడుకునే చిగిర్చిన
జీడితోట దాటాక రీలు కెమెరా తీశాను.
అందులో మిగిలినవి ఏడే.
ముందువన్నీ మా మేనమామ రిటైర్మెంటు, ఇంకా ఒక దూడ.

"ఏదీ, సూపించు" అని అతను కెమెరా వెనక్కి తిప్పాడు.
వెనక నల్ల తోలు.
"మరి వొచ్చిందో నేదో ఎలాగ తెలుస్తాది?"
"తెలీదు."
ఎందుకో ఇద్దరికీ నవ్వు ఆగలేదు.
దానికొకటి ఖర్చు.

చెప్పులు చేతపట్టి అలకి ఎదురెళ్ళినప్పుడొకటి.
పడవ తాడు ముడి ఎలా వెయ్యాలో
పొద్దున్న తాళి ముడి కంటే ఓపిగ్గా
అతను ఆమె వేళ్ళతో వేయించినప్పుడు రెండు.
మిగిలినవి ఎటు పోయాయో, నిజంగా, గుర్తులేదు.

తలుపు సందుల్లో గోనె కుక్కి
మా బాత్రూములో కడిగాను ఆ రీలు.
ఒకదాంట్లో నా బొటనవేలు.
ఒకదాంట్లో సముద్రం ఒరిగిపోయింది.
తాడు ముడి మాత్రం నిలబడింది.
నెగెటివ్ కదా, లోకం తిరగబడి ఉంది:
ఇసుక నలుపు, దండ నలుపు,
ఆ మసి వేళ్ళు మాత్రం
ట్యూబులైటు ముందు పెడితే
లోపల దీపం పెట్టుకున్నట్టు.

నలభై రోజులకి తనొక్కతే వచ్చింది, ఇచ్ఛాపురం బస్సు దిగి.
డిజిటల్ వాటిలో బాగున్నదొకటి అమ్మకి పంపిందట.
అప్పటిదాకా ఫోనెత్తని మనిషి,
తనూ పిక్కలు కొట్టే మనిషి,
తానే చేసి ఒక్కటే అడిగిందట,
"సేతులెవులివే, గుంటా?"

ఇంకేం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

ప్రింటు చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.
నెగెటివూ ఇచ్చాను,
అంచులు పట్టుకోవాలని చూపించి.
కిటికీకేసి ఎత్తి పట్టుకుని
"నా మరక అంటుకుంటాదేమో అక్కా" అంది.

అంటుకోనీ.